కట్ట మీద కాదు, శిఖంల చూడాలె

ఈ ఏడాది మొదటి వలస పిట్ట ఆగస్టు మూడో ఆదివారం కనిపించింది. అంతకుముందే వచ్చి ఉండొచ్చు, నేను చూసింది మాత్రం ఆ రోజు. గుంపు లేదు, సందడి లేదు, ఒక్కటంటే ఒక్కటి, చెరువు మత్తడి (అలుగు) రాళ్ళ మీద నిలబడి తోక పైకీ కిందికీ ఊపుకుంటూ ఉంది, పైన మట్టిరంగు, కింద తెలుపు, భుజం ముందు ఆ తెలుపు కొంచెం పైకి పాకి ఉంటుంది, అదే గుర్తు. కామన్ శాండ్‌పైపర్. సన్నగా తుంపర పడుతోంది, బైనాక్యులర్ అద్దాలు ఐదు నిమిషాలకోసారి బనీను కొసతో తుడుచుకుంటున్నా, పక్కన మా నాయిన గొడుగు కింద నిలబడి చాలాసేపు చూసి "దీనికేమైందిరా, కుదురుగ నిలబడలేదా, నడుం పట్టినోని లెక్క ఊగుతున్నది" అన్నాడు.

ఊగుతూనే ఉంటుంది నాయినా, దాని అలవాటే అది, అన్నాను. ఎందుకు ఊగుతది అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

వలస పక్షులు అనగానే మనకి డిసెంబరు, జనవరి గుర్తొస్తాయి. పేపర్లో ఫ్లెమింగోల ఫొటోలు, పులికాట్ దగ్గర పండగ, నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు), అదీ లెక్క. నీటిపక్షుల గణన కూడా ఆసియా అంతటా జనవరిలోనే చేస్తారు, 1987 నుంచి అంతే, ఎందుకంటే అప్పటికి అన్నీ వచ్చేసి ఒకచోట కుదురుకుని ఉంటాయి. నాకు మాత్రం అప్పటికి సగం సరదా అయిపోయి ఉంటుంది. వచ్చేసిన చుట్టాలని చూడ్డం వేరు, బస్టాండులో నిలబడి ఏ బస్సులో ఎవరు దిగుతారో చూడ్డం వేరు కదా. ఆగస్టు నుంచి నవంబరు దాకా మన చెరువులన్నీ బస్టాండులే.

మేముండేది హైదరాబాదుకి పడమటి వైపు, అమీన్‌పూర్ చెరువుకి బండి మీద పది నిమిషాలు. కుతుబ్‌షాహీల కాలం నాటి చెరువు, 2016లో దాన్ని బయోడైవర్సిటీ హెరిటేజ్ సైట్ అని ప్రకటించారు, ఊరి మధ్యలో ఉన్న ఒక చెరువుకి ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదలు. చుట్టూ అపార్ట్‌మెంట్లు, ఒక పక్క మురుగు వాసన, ఆ మధ్యలో ఫ్లెమింగోలు. మొదటిసారి చూసినప్పుడు నమ్మబుద్ధి కాలేదు, ఎవరో థర్మకోల్‌తో చేసి పెట్టారేమో అనుకున్నా, నిజంగానే. కానీ నేను ఎక్కువ వెళ్ళేది అక్కడికి కాదు, మా నాయిన ఊరి చెరువుకి. సదాశివపేట దాటి లోపలికి వెళ్ళాలి, పేరు చెప్పను, ఎందుకో కింద రాస్తా.

మొదటి రెండేళ్ళు ఆ చెరువు దగ్గర నాకు ఏమీ కనిపించేది కాదు. బండి తీసుకెళ్ళి కట్ట మీద ఆపడం, ఎత్తుగా ఉంటుంది కదా మొత్తం కనిపిస్తుంది అనుకుని చెరువంతా ఈ చివర నుంచి ఆ చివర దాకా బైనాక్యులర్‌తో జల్లెడ పట్టడం, నాలుగు నీటికాకులు, రెండు కొంగలు, ఇంటికి. పైగా ఆ బైనాక్యులర్ ఒకటి, ఆదివారం సంతలో తొమ్మిది వందలకి కొన్నది, జూమ్ ఉంటుంది అని మురిసిపోయి కొన్నా, జూమ్ పెంచితే చెరువు మొత్తం భూకంపం వచ్చినట్టు ఊగేది. ఒకసారి ఇరవై నిమిషాలు ఒక తెల్ల బాతుని చూశా, కదలదు మెదలదు, చివరికి గాలి మళ్ళితే తెలిసింది అది ఫినాయిల్ డబ్బా అని. అక్కడ వల వేసుకునే పెద్దాయన ఒకాయన రోజూ నన్ను చూసి చూసి జాలిపడ్డాడేమో, ఒకరోజు దగ్గరికొచ్చి "కట్ట మీద నిలబడితే ఏం గనపడ్తది సార్, ఈడ లోతు, చేపలున్నంత దాంక నీటికాకులే. పిట్టలు సూడాల్నంటే ఎనకకు పోవాలె. శిఖంల చూడాలె" అన్నాడు.

అంతే. పదేళ్ళలో నాకు ఎవరూ ఇంత పనికొచ్చే మాట చెప్పలేదు.

శిఖం అంటే తెలియనివాళ్ళకి: చెరువుకి కట్ట ఉన్నది ముందు వైపు, నీళ్ళు వచ్చి చేరేది వెనక వైపు. ఆ వెనక భాగం పల్చగా, చదునుగా ఉంటుంది, చెరువు నిండితే మునుగుతుంది, తగ్గితే తేలుతుంది. ఎండాకాలంలో అందులో దోసకాయలో కూరగాయలో పెట్టుకుంటారు, పశువులు మేస్తాయి. ఆ పశువుల పేడ, మురిగిన గడ్డి, ఆ వెచ్చని బురద, అందులో పురుగు పుట్ర, అదే వీటి భోజనం. శాండ్‌పైపర్లకి నీళ్ళు కాదు కావాల్సింది, బురద. ముక్కు మునిగేంత బురద, కాళ్ళు మునిగేంత నీళ్ళు. చాలా బాతులకి కూడా తల కిందికి వంచితే నేల తగలాలి. కట్ట దగ్గర పది పదిహేను అడుగుల లోతులో అవి ఏం తింటాయి పాపం.

అందుకే ఇంకో సంగతి కూడా, ఇది తెలిసేదాకా నేను ప్రతి ఏడూ తిట్టుకునేవాణ్ణి: వానలు బాగా పడి చెరువు అలుగు పారిన ఏడు సెప్టెంబరులో పిట్టలు తక్కువ కనిపిస్తాయి. అవి రాక కాదు. శిఖం మొత్తం నీళ్ళ కింద ఉంటుంది, బురద అంచు అనేదే ఉండదు, పైగా ఊరూరా ప్రతి కుంటా నిండి ఉంటుంది కాబట్టి ఎక్కడివక్కడ సర్దుకుంటాయి. అక్టోబరు చివరికి నీళ్ళు ఒక జానెడు లాగాయనుకోండి, ఒడ్డు చుట్టూ గోధుమరంగు పట్టీ లాగా బురద తేలుతుంది, అప్పుడు వస్తాయి అన్నీ. నేను ఇప్పుడు వెళ్ళగానే పిట్టల్ని చూడను, ముందు తూము మెట్లు ఎన్ని తేలాయో చూస్తా.

శిఖంలోకి వెళ్ళడం అంత తేలిక కాదు. నల్లరేగడి. పది అడుగులు వేస్తే ఒక్కో చెప్పుకి కిలో మట్టి. బూట్లు వేసుకెళ్ళి ఒక బూటు అక్కడే వదిలేసి వచ్చిన రోజు ఉంది, మా నాయిన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఆయన పద్ధతి ఆయనది, చెప్పులు చేతిలో పట్టుకుని పంచె మోకాళ్ళ పైకి దోపుకుని బర్రె వెళ్ళిన దారిలో అడుగులో అడుగేసి పోతాడు, "బర్రె ఎన్నడు దిగబడే కాడ కాలు పెట్టదురా". డెబ్బై నాలుగేళ్ళ మనిషి నాకంటే ముందు వెళ్ళి తుమ్మచెట్టు కింద కూర్చుంటాడు.

సెప్టెంబరు రెండో వారంలో ఆ తుమ్మచెట్టు కింద నుంచే లిటిల్ స్టింట్‌లు చూశాం. పద్నాలుగు. పిచ్చుక కంటే పెద్దవేం కావు, నల్లటి సన్న ముక్కు, బురదని కుట్టుమిషన్ లాగా టకటకటక పొడుచుకుంటూ ఒకదాని వెనక ఒకటి పరిగెత్తుతాయి. పాతిక ముప్ఫై గ్రాముల బరువు ఉంటాయి అంతే, రెండు పెద్ద చెంచాల చక్కెర అనుకోండి. ఇవి గుడ్లు పెట్టేది ఉత్తర ధ్రువం దగ్గర, సైబీరియా పైన చెట్టు కూడా మొలవని మంచు నేలల్లో. అక్కడి నుంచి సదాశివపేట శిఖానికి. ఇంకా వింత ఏంటంటే పెద్దవి ముందు బయల్దేరి వచ్చేస్తాయి, పిల్లలు అక్కడే ఉండి నాలుగు రోజులు తిని బలం పట్టాక తర్వాత వాటికవే వస్తాయి. తోడు ఉండదు, దారి చూపించేవాళ్ళు ఉండరు, ఆ జూన్ జులైల్లో గుడ్డులోంచి బయటపడ్డ పిల్ల సెప్టెంబరుకి మన ఊరి బురదలో ఉంటుంది. ఈకల అంచులు కొత్తగా, శుభ్రంగా, వీపు మీద తెల్లగా వి ఆకారంలో గీత ఉంటే అది పిల్ల అని గుర్తు. ఆ పద్నాలుగింట్లో తొమ్మిది పిల్లలే.

ఇది మా నాయినకి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "తల్లిదండ్రి లేకుంట తొవ్వ ఎట్ల ఎరుకైతది" అన్నాడు. పుట్టుకతోనే వస్తుందంట, సూర్యుడు, చుక్కలు, భూమి అయస్కాంతం, వీటన్నిటినీ వాడుకుంటాయంట అన్నాను. "నిన్ను పటాన్‌చెరువుల ఇడిస్తె ఇంటికి రాకపోతుంటివి కదరా చిన్నప్పుడు" అన్నాడు. నిజమే, సంతలో తప్పిపోయా ఒకసారి. అది ఇప్పటికీ వదలడు.

ఇక బాతుల గురించి. బాతుల విషయంలో నా పరువు పోయిన కథ రాయకుండా ఈ పోస్టు పూర్తి కాదు.

పుస్తకంలో బొమ్మలు చూసి వెళ్తాం కదా, మగ గార్గనీ అంటే కంటి పైన తెల్లటి పెద్ద చారతో, మగ సూదితోక బాతు అంటే చాక్లెట్ రంగు తలతో, షవెలర్ అంటే ముదురాకుపచ్చ తలతో ఒక్కోటి పెళ్ళికొడుకులా ఉంటుంది. అక్టోబరులో వెళ్తే అవేవీ ఉండవు. అన్నీ ఒకటే రంగు, మట్టిరంగు మీద మచ్చలు. ఎందుకంటే బాతులు గుడ్లు పెట్టే కాలం అయిపోగానే ఎగిరే ఈకలన్నీ ఒకేసారి రాల్చేస్తాయి, కొన్ని వారాలు అసలు ఎగరలేవు, అలాంటప్పుడు మెరిసే రంగులేసుకుని కూర్చుంటే నక్కకి పిలిచి భోజనం పెట్టినట్టే, అందుకని మగవి కూడా ఆడవాటిలా మాసిన రంగులోకి మారతాయి. ఎగిరే ఈకలు మళ్ళీ వచ్చాక బయల్దేరి వచ్చేస్తాయి కానీ పెళ్ళిబట్టలు మాత్రం ఇక్కడికొచ్చాక మెల్లగా తొడుక్కుంటాయి. గార్గనీ అయితే మరీ బద్ధకం, మగది పూర్తి వేషంలో కనపడాలంటే దాదాపు ఫిబ్రవరి దాకా ఆగాలి, అప్పటికి వాటికి తిరుగు ప్రయాణం టైమే.

ఇదేమీ తెలియని రోజుల్లో ఒక అక్టోబరు పొద్దున ఒక చిన్న బాతు కనిపించింది, ముక్కు మొదట్లో గుండ్రంగా తెల్లటి చుక్క. పుస్తకం తిరగేశా. బైకాల్ టీల్ ఆడది! ముక్కు పక్కన తెల్ల చుక్క, రాసుంది చూడండి! మన దేశానికి ఎప్పుడో ఒకసారి దారి తప్పి వచ్చే బాతు. చేతులు వణికాయి. ఫోనుని బైనాక్యులర్‌కి ఆనించి మూడు ఫొటోలు తీశా, మూడింట్లోనూ నా వేలే ఎక్కువ, చూసిన పిట్టల్ని అందరూ నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లో ఎక్కించేశా, నలుగురు ఫ్రెండ్స్‌కి ఫోన్ చేశా, ఒకడు ఆఫీసుకి సెలవు పెట్టి వస్తానన్నాడు. సాయంత్రానికి ఒక మెసేజ్ వచ్చింది, చాలా మర్యాదగా, అండీ గార్గనీ ఆడవాటికి కూడా ముక్కు దగ్గర లేతగా చుక్క ఉంటుంది, ఒక్కసారి మొహం మీద చారలు, రెక్క ముందు భాగం చూడగలరా అని. మర్నాడు వెళ్ళి చూశా. గార్గనీనే. పక్కనే అలాంటివే ఇంకో ముప్ఫై ఉన్నాయి, ముందురోజు నేను మిగతావాటి మొహాలు చూడనేలేదు. సెలవు పెట్టినవాడు ఇప్పటికీ నన్ను బైకాల్ అనే పిలుస్తాడు.

అప్పటి నుంచి రంగు చూడడం మానేశా. ఆకారం చూస్తా. షవెలర్ ఏ వేషంలో ఉన్నా ఆ గరిటె ముక్కు దాచుకోలేదు, నీటి మీద ముక్కు పెట్టి అటూ ఇటూ తిప్పుకుంటూ పాలమీద మీగడ తీసినట్టు వెళ్తుంటుంది. సూదితోక బాతుకి తోక లేకపోయినా మెడ పొడుగు. నామాల కోళ్ళు (కూట్ అనే నీటిపక్షులు) ఎప్పుడూ నల్లగా, నుదుటి మీద తెల్ల నామంతో, వాటికి వేషాల గొడవే లేదు. దూరం నుంచి నడక, తినే పద్ధతి, ఎగిరేటప్పుడు రెక్క కొట్టే వేగం. మా నాయినకి ఇవేవీ ఎవరూ నేర్పలేదు కానీ ఆయన ఎప్పుడూ అలాగే చూస్తాడు, అరకిలోమీటరు దూరం నుంచి నడక చూసి అది ఎవరి బర్రెనో చెప్పే మనిషి.

ఆయనకి ఇంగ్లీషు పేర్లు పట్టవు, నాకు తెలుగు పేర్లు సగం రావు. కాబట్టి మా ఇద్దరి లిస్టులు వేరువేరు. ఆయన తీతువు అంటాడు, నేను రెడ్ వాటిల్డ్ లాప్‌వింగ్ అని రాసుకుంటా. (తీతువు మీద మాత్రం మా మధ్య గొడవ, ఆయనకి అది అరిస్తే చెడ్డ శకునం, పొద్దున్నే అరిస్తే బండి ఆపి ఒక నిమిషం నిలబడి మళ్ళీ వెళ్ళమంటాడు. అది ఏడాది పొడుగునా అక్కడే ఉండి అరుస్తూనే ఉంటుంది, ఆ లెక్కన మేము చెరువు దాకా వెళ్ళనే వెళ్ళం.) కాటుకపిట్ట (వాగ్‌టెయిల్) ఇద్దరికీ ఒకటే. బతుకమ్మ రోజుల్లో దిగుతాయి అవి, తెల్లవీ, పసుపు పొట్టవీ, చెరువులో వేసిన తంగేడు, గునుగు పువ్వులు ఒడ్డుకి కొట్టుకొచ్చి కుళ్ళుతుంటే వాటి మీద వాలే ఈగల కోసం తోకలు ఆడించుకుంటూ పరిగెత్తుతాయి. సద్దుల బతుకమ్మ మర్నాడు పొద్దున ఆ చెరువు ఒడ్డు చూడండి ఎప్పుడైనా. పసుపు పువ్వుల మధ్య పసుపు పిట్ట. ఫొటో తీయడం నా వల్ల కాలేదు.

దసరాకి పాలపిట్ట చూడాలని అందరూ తిరుగుతారు, మాకు ఆ తిప్పలు లేవు, ఊరి దారిలో కరెంటు తీగ మీద రెండు మూడు ఎప్పుడూ ఉంటాయి. కొన్ని చోట్ల పంజరంలో పెట్టి తెచ్చి డబ్బులు తీసుకుని చూపిస్తారే, దయచేసి ఆ పని ప్రోత్సహించకండి, అది నేరం కూడా.

మా నాయిన మొహం నిజంగా మారింది మాత్రం ఒకే ఒక పిట్టని చూసి. రోజీ స్టార్లింగ్‌లు. అక్టోబరు మొదటి వారం, సాయంత్రం, తుంగలోకి నిద్రకి దిగుతున్నాయి, వందలు, ఆకాశంలో ఒకేసారి మడత పడి విచ్చుకుంటూ. నేను నోరు తెరుచుకుని చూస్తున్నా. ఆయన లేచి నిలబడ్డాడు, కుడి చెయ్యి దానంతటదే పైకి లేచింది, వడిసెల తిప్పినట్టు. "దొంగముండలు, ఇంక రాకడ బంద్ చెయ్యలేదా ఇవి" అన్నాడు. చిన్నప్పుడు ఆయన పని అదేనంట, జొన్నచేలో మంచె మీద కూర్చుని పొద్దు పొడవకముందు నుంచి వడిసెలతో రాళ్ళు విసురుతూ వీటిని తోలడం. ఒక గుంపు దిగి లేచిందంటే కంకులు బోసిపోయేవంట. ఆ పిట్ట ఎక్కడి నుంచి వస్తుందో ఆయనకి ఎప్పుడూ తెలియదు, తెల్లారేసరికి చేలో ఉండేది అంతే. మధ్య ఆసియాలో, కజకిస్తాన్ అటువైపు, రాళ్ళ సందుల్లో గూళ్ళు పెట్టుకుంటాయి, అక్కడ మిడతల్ని తింటాయి కాబట్టి అక్కడి రైతులకి ఇవంటే ఇష్టం అని చెప్పాను. నమ్మలేదు. "ఆడ మిడతలు తిని ఈడికొచ్చి జొన్నలు తింటయా" అని రెండుసార్లు అడిగాడు, ఎవరో మోసం చేసినట్టు. ఇప్పుడు మా ఊళ్ళో జొన్న లేదు, అంతా పత్తి. అవి ఇప్పుడు ఏం తింటున్నాయో, చింతచెట్ల మీదా రావిచెట్ల మీదా కనిపిస్తుంటాయి.

ఊరి పేరు ఎందుకు చెప్పనన్నానో ఇప్పుడు చెప్తా. రెండేళ్ళ క్రితం చెప్పాను. ఒక గ్రూపులో, ఉత్సాహం ఆపుకోలేక, లొకేషన్ పిన్‌తో సహా. తర్వాతి ఆదివారానికి ఏడు కార్లు. అందులో ఒకాయన, పెద్ద లెన్స్, మిలిటరీ రంగు బట్టలు, బాతులు నీళ్ళ మీద కూర్చుని ఉంటే ఫొటో బాలేదని డ్రైవర్‌తో రాయి వేయించాడు, ఎగురుతుంటే తీయొచ్చని. మొత్తం లేచిపోయాయి. వారం దాకా మళ్ళీ దిగలేదు. వేల కిలోమీటర్లు ఎగిరి ఒళ్ళు కరిగిపోయి దిగిన పిట్ట అక్కడ చేసేది ఒకటే పని, తినడం. మనం లేపిన ప్రతిసారీ అది తిన్నది మళ్ళీ ఖర్చు పెట్టుకోవాలి. ఆ వల పెద్దాయన నన్ను ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధనిపించింది.

అక్టోబరు చివరి ఆదివారం వెళ్ళేసరికి తూము దగ్గర మూడు మెట్లు తేలాయి. బురద పట్టీ రెండు గజాల వెడల్పు. చలి మొదలైంది, నీటి మీద పల్చగా పొగ లేస్తోంది, తుమ్మచెట్టు కింద నాయిన ఫ్లాస్కులోంచి చాయ్ పోస్తున్నాడు. నేను నామాల కోళ్ళు లెక్కపెడుతున్నా, పదేసి పదేసి వేళ్ళు మడుస్తూ, నూట ఎనభై దాకా వచ్చా, వాటి మధ్యలో షవెలర్లు వేరే లెక్క. అప్పుడు తుంగ మీదుగా నీడ ఒకటి వచ్చింది. మార్ష్ హారియర్ అనే గద్ద, ఈ సీజన్‌కి మొదటిది, ముదురు గోధుమరంగు ఒళ్ళు, మీగడ రంగు తల, రెక్కలు పైకెత్తి పట్టుకుని తొందర లేకుండా తుంగని రాసుకుంటూ వస్తోంది. అంతే, చెరువు చెరువంతా లేచింది. కోళ్ళు నీటి మీద కాళ్ళతో తపతపతప పరిగెత్తి చెరువు నడిమికి పోయి ఒకే ముద్దలా దగ్గరకి చేరాయి, బాతులు ఒక చుట్టు తిరిగి, రెండో చుట్టు తిరిగి, స్టింట్‌లు ఎటు పోయాయో కూడా తెలియలేదు, తీతువు ఒకటే అరుపు.

గద్ద దేన్నీ పట్టలేదు. తుంగ చివరి దాకా వెళ్ళి ఒక గట్టు మీద వాలి ఈకలు దువ్వుకుంటోంది.

"ఎన్ని అయినయి?" అన్నాడు నాయిన.

నూట ఎనభై అయ్యాయి, అన్నీ కలిసిపోయాయి, మళ్ళీ మొదటి నుంచి పెట్టాలి అన్నాను.

చాయ్ గ్లాసు నా చేతికిచ్చి బైనాక్యులర్ తీసుకున్నాడు. "కోళ్ళు నేను లెక్కవెడ్త, నువ్వు ఆ గరిటె ముక్కులోల్లను సూడు."